పొట్లంలో కమ్మదనం

షడ్రుచులని మన పెద్దలు లెక్క కట్టారు. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ఉగాది పచ్చడి చేతిలో పడగానే చిన్నపిల్లలు సైతం వేళ్ళు ముడిచి ఈ ఆరింటినీ అప్పజెబుతారు. కళాశాలలో తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనుక నాకొక సందేహం చాలాకాలంగా వుండేది. "వంట కమ్మగా వుంది" అంటాం గదా, ఆ కమ్మదనం ఈ ఆరింటిలో ఏది? అప్పుడే కాచిన నెయ్యి కమ్మగా వుంటుంది. మీగడ పెరుగు కమ్మగా వుంటుంది. వేయించి వండిన కందిపప్పూ కమ్మగానే వుంటుంది. అది తీపి కాదు, పులుపూ కాదు. మాట వున్నది, అనుభవం వున్నది, లెక్కలో మాత్రం దానికి చోటు లేదు.

ఆ చోటు చూపించినవాడు ఒక జపాను ఆచార్యుడు. టోకియో విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పే కికునే ఇకెడా 1908లో, తమ ఇళ్ళలో సముద్రపు నాచుతో కాచే చారుకు అంత రుచి ఎక్కడిదని వెతికాడు. నాచులోనుంచి గ్లుటమేటు అనే పదార్థాన్ని వేరుచేసి, ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. నన్నడిగితే దానికి దగ్గరి తెలుగుమాట కమ్మదనమే. మరుసటి ఏడు, అంటే 1909లో, అది ఉప్పులాంటి తెల్లని పొడిగా అంగళ్ళకెక్కింది. 'రుచికి మూలం' అన్న అర్థంలో దానికి 'అజినొమోటో' అని పేరు పెట్టి అమ్మారు. వనస్పతికి మనం డాల్డా అన్నట్టే, ఆ కంపెనీ పేరే క్రమంగా వస్తువు పేరయి కూర్చున్నది. కొందరు 'టేస్టింగ్ సాల్టు' అని కూడా అంటారు. ఈనాడు దాన్ని నాచునుంచి తీయడం లేదు. చెరకు మడ్డి, కర్రపెండలం పిండి వంటివాటిని సూక్ష్మజీవులచేత పులియబెట్టి చేస్తున్నారు.

ఇంత పురాణం ఎందుకు విప్పానంటే, ఆ పొడి మా ఇంటి పిల్లవాడి నోట్లోకి వచ్చి పెద్ద తగవే పెట్టింది.

మాది దువ్వూరు. కర్నూలునుంచి కడపకు పోయే పెద్దరోడ్డు మీద, మైదుకూరుకు ముందు తగులుతుంది. కె.సి. కెనాలు నీళ్ళు పారే చోట్ల వరీ, పసుపూ పండిస్తారు. మా చిన్నతనంలో బడి విడిచిపెడితే పిల్లల జేబుల్లో శెనక్కాయలో, బొరుగులో, ఇంత బెల్లం ముక్కో వుండేది. పండగొస్తే నిప్పట్లూ, కజ్జికాయలూ, ఓళిగలూ. అవన్నీ అమృతమనీ, ఈనాటివన్నీ విషమనీ చెప్పబోవడం లేదు సుమా! కజ్జికాయలు ఎక్కువై కడుపు పట్టుకు కూర్చున్న పిల్లలు ఆ రోజుల్లోనూ వున్నారు. కాని ఇప్పుడు బడి ఎదుటి అంగడికి, పెళ్ళిపందిరికి పూలదండలు కట్టినట్టు రంగురంగుల పొట్లాల దండలు వేలాడుతున్నవి. ఐదు రూపాయల బిళ్ళకు ఒకటి. గంట కొట్టగానే పిల్లలు ముందుగా చేరేది అక్కడికే.

మా చెల్లెలు దువ్వూరులోనే వుంటుంది. దాని కొడుక్కు తొమ్మిదేళ్ళు. పోయిన ఏడాది వాడికి వారానికి రెండు మూడు సాయంత్రాలు మెడమీదా, చెవుల వెనకా ఎర్రగా దద్దుర్లు లేచేవి. గంటా రెండు గంటలు గోక్కునేవాడు. "నెత్తి నొస్తాంది" అని పుస్తకం మూసేవాడు. తెల్లారేసరికి ఏమీ వుండేది కాదు. తెల్లారేసరికి పోయే జబ్బును ఎవరు నమ్ముతారు? "లెక్కలంటే వీడికి దురద" అన్నాడట ట్యూషను అయ్యవారు. వాళ్ళ జేజి దిష్టి అన్నది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. పక్కింటి ఆమె సెల్లుఫోనులో ఏదో చూచి వచ్చి, "అజినొమోటో విషమంట, మెదడును తింటుందంట" అన్నది. చివరికి అందరూ కలిసి మా చెల్లెలి మీద పడ్డారు. "అడిగినప్పుడల్లా ఐదు రూపాయలు చేతిలో పెడితే ఇంకేమవుతుంది?" అని. పొలం పనులనుంచి చీకటి పడ్డాక ఇల్లు చేరే తల్లి, బిడ్డ ఆకలికి ఐదు రూపాయలివ్వక మరేమి చేస్తుంది చెప్పండి!

పిల్లవాడు మాత్రం మొదటినుంచీ ఒక్కటే మాట చెప్పేవాడు. "మామా, నాకు నిజ్జంగానే దురద పెడతాంది."

ఒక ఆదివారం వాణ్ణి ప్రొద్దుటూరులో పిల్లల వైద్యుడి దగ్గరకు తీసుకుపోయాం. చెల్లెలు ఫోనులో తీసిపెట్టిన దద్దుర్ల ఫొటోలు ఆయన నిదానంగా చూచాడు. పాలు పడతాయా, గుడ్డు పడుతుందా, శెనక్కాయలు తిన్నప్పుడు ఏమైనా అవుతుందా అని వరసగా అడిగాడు. పిల్లలకు తిండివల్ల వచ్చే దద్దుర్లకు ముందుగా అనుమానించవలసినవి ఇలాంటివేనట. మా వాడు శెనక్కాయ ఉండలు తింటూ పెరిగినవాడు. వాటితో ఏనాడూ పేచీ లేదు. పెద్ద పరీక్షలు రాస్తాడేమో అనుకున్నాం. ఆయన, "ఒక నోటుపుస్తకం కొనండి" అన్నాడు.

"వాడు ఏం తిన్నాడో, ఎన్ని గంటలకో రాయండి. దద్దుర్లు ఎన్నింటికి లేచినవో పక్కనే రాయండి. పొట్లం తింటే ఆ పొట్లాన్ని చించి అదే పేజీకి అంటించండి. రెండు వారాలు మామూలుగానే తిననివ్వండి. తర్వాత రెండు వారాలు పొట్లాలన్నీ ఆపండి. ఆ పైన ఒక్కొక్కటే మళ్ళీ పెట్టి చూద్దాం." లేచి వస్తూ వుంటే మళ్ళీ పిలిచి, "పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా, వాంతులయి సొమ్మసిల్లినా నోటుపుస్తకం అవతల పెట్టి ఆసుపత్రికి పరుగెత్తండి. అలాంటి పిల్లలకు ఇంట్లో ఏ పరీక్షా పెట్టకూడదు" అని హెచ్చరించాడు.

పొట్లాల మీది అక్షరాలు చదివే పని నాకు పడింది. మా చెల్లెలు తెలుగుమీడియంలో పదో తరగతిదాకా చదువుకున్నది. తెలుగు వారపత్రికలో సీరియలు ఒక్క వారం తప్పినా ఊరుకోదు. కాని పొట్లం వెనుక చీమకాళ్ళంత ఇంగ్లీషు అక్షరాలు దాని వల్ల కాలేదు. నేను కళ్ళజోడు తుడుచుకుని చదివితే అందులో అంకెలు కనబడ్డవి. 621, 627, 631, 635. ఇవన్నీ రుచి పెంచేవాటి గుర్తులే. 621 అంటే మన అజినొమోటో. 627, 631 దాని బంధువులు. ఆ రెండింటి కలయిక 635. ఇవి కొంచెం పడితే చాలు, గ్లుటమేటు రుచి ఎన్నోరెట్లు పెరుగుతుంది.

సరే, పక్కింటి ఆమె చెప్పినట్టు అది విషమేనా? ఈ మాట ఎక్కడ పుట్టిందో నాకు చేతనయినంతలో చదివి తెలుసుకున్నాను.

1968లో అమెరికాలో వుండే చైనా దేశపు డాక్టరు ఒకాయన, రాబర్టు హో మాన్ క్వాక్, 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' అనే వైద్యపత్రికకు ఒక ఉత్తరం రాశాడు. చైనా హోటళ్ళలో తిన్నప్పుడు మెడ వెనక తిమ్మిరి, నీరసం, గుండెదడ వస్తున్నవనీ, కారణమేమిటో తెలియడం లేదనీ. ఆయన అనుమానించినవి ఒకటి కాదు. సోయా సాసు, వంటలో పోసే సారా, ఉప్పు, అజినొమోటో, అన్నీ చెప్పాడు. లోకం మాత్రం చివరిదాన్నే పట్టుకున్నది. 1969లో జాన్ ఓల్నీ అనే శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు గ్లుటమేటును పెద్ద మోతాదులో సూదిద్వారా ఎక్కించి చూస్తే వాటి మెదడు దెబ్బతిన్నది. దానితో అమెరికాలో పసిపిల్లల ఆహారం చేసే కంపెనీలు తమంతట తామే దాన్ని కలపడం మానుకున్నవి. "మెదడును తింటుంది" అన్న మాటకు మూలం అదే కాబోలు. ఎలుకపిల్లకు సూదితో ఎక్కించడమూ, బిడ్డ అన్నంతో తినడమూ ఒకటి కాదు గదా.

2000లో మరొక పరీక్ష జరిగింది. అజినొమోటో తమకు పడదని గట్టిగా చెప్పే 130 మంది పెద్దవాళ్ళను పోగుచేసి, ఏది ఇస్తున్నారో ఇచ్చేవాళ్ళకూ పుచ్చుకునేవాళ్ళకూ తెలియకుండా ఒకసారి అదీ, ఒకసారి ఉత్త నకిలీదీ ఇచ్చారు. పరగడుపున ఐదు గ్రాములు ఇస్తే కొందరిలో లక్షణాలు కనబడ్డ మాట నిజమే. కాని మళ్ళీ మళ్ళీ ఇచ్చి చూస్తే, అదే మనిషిలో అదే లక్షణం నిలకడగా కనబడలేదు. ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణులు 1987లోనే దీనికి రోజువారీ హద్దు పెట్టనక్కరలేదన్నారు. ఐరోపా ఆహారభద్రతా సంస్థ 2017లో కొంచెం వెనక్కు తగ్గి, మనిషి బరువులో కిలోకు 30 మిల్లీగ్రాములు హద్దు అన్నది. అంటే పాతిక కిలోల పిల్లవాడికి రోజుకు ముప్పాతిక గ్రాము. అక్కడి పిల్లల్లో కొందరు ఆ హద్దు దాటుతున్నారని కూడా చెప్పింది.

ఇంకొక సంగతి విన్నప్పుడు మా జేజమ్మ సైతం నోరు వెళ్ళబెట్టింది. మాగిన టమాటాలో గ్లుటమేటు స్వతహాగా వుంటుంది. తల్లిపాలలోనూ వుంటుంది, అదీ ఎక్కువగానే. బిడ్డ పుట్టగానే నాలుక్కు తగిలే రుచుల్లో కమ్మదనం ఒకటన్నమాట. అటువంటిదాన్ని విషమని ఎలా అంటాం?

అలాగని పొట్లం నిర్దోషి అని తీర్పు చెప్పడానికీ లేదు. అందులో రుచి పెంచేవి ఒక్కటే లేవు. రంగులున్నవి, పులుపులున్నవి, నిలవ వుంచే మందులున్నవి. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో సుమారు 300 మంది పిల్లల మీద పరీక్ష చేసి, కొన్ని కృత్రిమపు రంగులూ, సోడియం బెంజోయేటూ కలిపిన పానీయం తాగిన పిల్లల్లో నిలకడలేనితనం కొంత పెరిగిందని ప్రచురించారు. 2010నుంచి ఐరోపాలో ఆ ఆరు రంగుల్లో ఏది వేసినా పిల్లల నడవడి మీదా, ఏకాగ్రత మీదా చెడు ప్రభావం వుండవచ్చని పొట్లం మీద రాయవలసిందే. మన పొరుగునే కర్ణాటకలో 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమపు రంగులు వేయడాన్ని నిషేధించారు. పసుపు పండే మా దువ్వూరు అంగట్లో పిల్లలు కొనే పొట్లానికి పసుపుపచ్చ రంగు సీసాలోనుంచి వస్తూ వుంటే ఏమనాలి!

ఇక నోటుపుస్తకం సంగతి. మొదటి రెండు వారాల్లో దద్దుర్లు లేచిన సాయంత్రాలు ఐదు. అందులో నాలుగు, మసాలా పొడి వేసి చేసిన నూడుల్సో, మసాలా చల్లిన చిప్సో తిన్న రోజులు. ఐదోనాడు పొట్లమేదీ తినలేదు, కాని జలుబూ జ్వరమూ వున్నవి. పిల్లలకు జ్వరంతో దద్దుర్లు రావడం చాలా మామూలేనని డాక్టరు దాన్ని కొట్టివేశాడు. పొట్లాలు ఆపిన రెండు వారాలూ వాడి మెడ శుభ్రంగా వున్నది. ఆ పైన ఒక్కొక్కటే పెట్టి చూచాం. టమాటా పప్పు తిన్నాడు, ఏమీ కాలేదు. ఉప్పు మాత్రం చల్లిన ఉర్లగడ్డ చిప్సు తిన్నాడు, ఏమీ కాలేదు. అవే నూడుల్సును లోపలి మసాలా పొడి పారేసి, ఇంట్లో ఎర్రగడ్డలూ పచ్చిమిరపకాయలూ వేసి తిరగమాత పెడితే లొట్టలు వేసుకుంటూ తిన్నాడు. అప్పుడూ ఏమీ కాలేదు. చివరిగా ఆ మసాలా పొడితో చేసినదాన్ని డాక్టరుగారి ఆసుపత్రి వరండాలోనే తినిపించాం. గంటన్నరకు చెవుల వెనక ఎర్రబడింది. పదిరోజులు ఆగి మరోసారి పెట్టినా అంతే.

ఆ చిన్న సంచిమీది పదార్థాల జాబితా డాక్టరు పైకి చదివాడు. పదిహేనుకు తక్కువ లేవు. 635 వుంది, రంగు వుంది, విడగొట్టిన శెనక్కాయ మాంసకృత్తులున్నవి, ఇంకా ఏవేవో వున్నవి.

"దొంగ ఇందులోనే వున్నాడు. ఈ పదిహేనుమందిలో ఎవరని తేల్చాలంటే, ఏది తింటున్నాడో పిల్లవాడికీ, పెట్టేవాళ్ళకూ కూడా తెలియకుండా ఒక్కొక్కటే పెట్టి చూడాలి. దద్దుర్లతో పోయేదానికి అంత యాతన ఎందుకమ్మా? ఈ పొడి మానిపించండి, చాలు" అన్నాడు.

"అయితే అజినొమోటో కాదా, సార్?" అని అడిగింది చెల్లెలు.

"కావచ్చు, కాకపోవచ్చు. పిల్లవాడు చెప్పింది మాత్రం నిజం."

ఆ మాట విని వాడు నా చొక్కా పట్టుకుని లాగాడు. "మామా, అయ్యవారికి చెప్తావా?" అన్నాడు. చెప్పాను. అయ్యవారు మంచివాడే, నవ్వి వాడి వీపు తట్టాడు. దిష్టి తీసిన జేజి కూడా ఊరుకున్నది. కాని నాకు తోచిన విషయం వేరొకటి వున్నది. నాలుగు నెలలపాటు ఆ బిడ్డ సాక్ష్యం ఇస్తూనే వున్నాడు. ఇంటిల్లిపాదీ తలా ఒక ముద్దాయిని పట్టుకొచ్చారే గాని, సాక్షిని ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు. దద్దుర్లు ఎన్నింటికి లేచినవి, అంతకుముందు ఏం తిన్నావు అన్న రెండు ప్రశ్నలకు నోటుపుస్తకం ఖరీదుకు మించి ఖర్చు కాలేదు.

రెండోది, పొట్లం సాక్ష్యం. అదీ అంత తిన్నగా లేదు. 2015లో దేశమంతా గగ్గోలయిన మ్యాగీ వ్యవహారం మీకు జ్ఞాపకముండే వుంటుంది. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీలో అంతకుముందటి ఏడు తీసిన నమూనాతో అది మొదలయింది. సీసం ఎక్కువగా వుందన్నారు. పొట్లం మీద అజినొమోటో కలపలేదని రాసి, లోపల గ్లుటమేటు వుందన్నారు. జూన్ 5న కేంద్ర ఆహారభద్రతా సంస్థ అమ్మకం ఆపించింది. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసి, మళ్ళీ పరీక్షలు చేయించుకొమ్మన్నది. నవంబరులో సరుకు తిరిగి అంగళ్ళకు వచ్చింది. గ్లుటమేటు గురించి కంపెనీ చెప్పిన సమాధానం మా సీమవాళ్ళు వినదగ్గది. తాము విడిగా కలపలేదనీ, శెనక్కాయ మాంసకృత్తులూ, ఎర్రగడ్డల పొడీ, గోధుమపిండీ వేస్తామనీ, వాటిలో అది స్వతహాగా వుంటుందనీ! మాటవరసకు నిజమే. కాని 'కలపలేదు' అని చదివిన తల్లి 'లేదు' అని అర్థం చేసుకుంటుంది. ఈ రెండు మాటలకూ మధ్య ఎంత దూరమున్నదో మా విద్యార్థులకు పాఠంగా చెప్పవచ్చు.

మూడోది అసలైనది. అజినొమోటో కలిపిన పొట్లం మీద, అందులో అది కలిపినట్టూ, ఏడాది నిండని పసిపిల్లలకు తగదనీ రాయాలని 2011 నాటి మన నిబంధనలు శాసించినవి. చాలా మంచిది. ఎంత కలిపారో రాయనక్కరలేదు గనుక, ఆ ముప్పాతిక గ్రాము హద్దు మన ఇళ్ళలో ఎవరూ లెక్కవేసుకోలేరు, అది వేరే సంగతి. ఆ హెచ్చరిక ఏ భాషలో వుండాలి? ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని. వాటికి తోడు మరో భాష వేసుకుంటే అభ్యంతరం లేదు, వేయకపోతే తప్పూ లేదు. ఇప్పుడు టీవీలో ఆ పొట్లం ప్రకటన చూడండి. అమ్మ ప్రేమ, ఆకలి, అల్లరి, అన్నీ కమ్మని తెలుగులోనే పలుకుతవి. కొనమని పిలిచేటప్పుడు మా చెల్లెలి భాష వాళ్ళకు వస్తుంది. జాగ్రత్త చెప్పేటప్పుడు రాదు.

మసాలా పొట్లాన్ని నిషేధించమని నేను అడగడం లేదు. ఎందరో పిల్లలు తింటున్నారు, ఏమీ కావడం లేదు. పడని పిల్లవాడు ఎక్కడో ఒకడుంటాడు. వాడి తల్లి ఆ వెనుకవైపు అక్షరాలు తానే చదువుకోగలగాలి. దువ్వూరులోనో, జమ్మలమడుగులోనో, పులివెందులలోనో అన్నను పిలిపించుకుని చదివించుకునే అవసరం ఆమెకు వుండకూడదు. ధర అంకెల్లో వేసే చోటే నాలుగు తెలుగు పంక్తులు వేస్తే సిరా ఎంత ఖర్చవుతుంది?

అందాకా మా చెల్లెలు ఒక ఉపాయం చేసుకున్నది. నాచేత ఒక అట్టముక్క మీద 102, 110, 621, 627, 631, 635 అని పెద్ద అంకెలు వేయించి, పక్కన తెలుగులో 'రంగు', 'రుచి పెంచేది' అని రాయించుకున్నది. అంకెలకు ఇంగ్లీషు రానక్కరలేదు గదా. వాడు ఇప్పుడు అంగడికి పోయేటప్పుడు ఆ అట్ట జేబులో పెట్టుకుపోతాడు. పొట్లం తిరగేసి అంకెలు సరిచూచుకుంటాడు. వాణ్ణి చూచి ఇద్దరు ముగ్గురు పిల్లలు తమకూ అలాంటి అట్ట కావాలన్నారట. పోయిన ఆదివారం నేను పోయేసరికి అట్టముక్కలు కత్తిరించి సిద్ధంగా పెట్టివున్నది మా చెల్లెలు.